పబ్లిక్ ఐపీవీ4 అద్దె లేకుండా క్లౌడ్ సర్వర్ నడపడం: ఐపీవీ6కి మారే పద్ధతి మొదటి నుంచి చివరి దాకా

నెల బిల్లు తెరిస్తే సర్వర్ అద్దె కింద ఇంకో చిన్న లైను కనిపిస్తుంది: పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్ (ఇంటర్నెట్‌లో మీ సర్వర్‌ని అందుకునే పాత తరహా నంబరు), గంటకి 0.005 డాలర్లు. అర సెంటు. చూడగానే పట్టించుకోబుద్ధి కాదు. కానీ నెలకి 730 గంటలు వేసుకుంటే 3.65 డాలర్లు, ఏడాదికి 43.80 డాలర్లు అవుతుంది. అమెజాన్‌లో బాగా చిన్న సర్వర్లలో ఒకటైన టీ4జీ నానో అద్దె ఉత్తర వర్జీనియా రీజియన్‌లో గంటకి 0.0042 డాలర్లు. అంటే ఇంటి అద్దె కన్నా ఇంటి నంబరుకి కట్టేదే ఎక్కువ. సొంత బ్లాగు, ఒక చిన్న ఏపీఐ, టెస్టింగ్ కోసం రెండు మూడు మెషీన్లు పెట్టుకున్నవాళ్లకి ఈ తేడా బాగా తెలుస్తుంది.

ఐపీవీ6 అనే కొత్త తరహా అడ్రస్‌కి మారి ఈ చార్జీ తప్పించుకోవచ్చు. అయితే "ఐపీవీ6 ఆన్ చెయ్యి, ఐపీవీ4 తీసెయ్యి" అని రెండు ముక్కల్లో చెప్పే సలహా నమ్మి దిగితే మధ్యలో ఇరుక్కుంటారు. నేను కొన్ని సర్వర్లు ఇలా మార్చాను. ఎక్కడ ఇరుక్కుంటామో, దాన్ని ముందే ఎలా పట్టుకోవాలో వివరంగా చెబుతాను. మెనూల పేర్లు అమెజాన్ వెబ్ సర్వీసెస్‌వి. వేరే క్లౌడ్‌లో పేర్లు మారతాయి కానీ పని వరస ఇదే.

## ఈ చార్జీ ఎక్కడి నుంచి వచ్చింది

ఐపీవీ4 అడ్రస్ 32 బిట్లది. ఎంత పొదుపుగా వాడినా సుమారు 430 కోట్లకి మించి అడ్రసులు లేవు. ప్రపంచం మొత్తానికి వీటిని పంచే ఐఏఎన్ఏ దగ్గర చివరి బ్లాకులు 2011 ఫిబ్రవరి 3న అయిపోయాయి. పెద్ద ఎత్తున అడ్రసులు కావాలంటే ఆ తర్వాత ఉన్నవాళ్ల దగ్గర కొనుక్కోవడమే దారి అయింది. అమెజాన్ 2023 జూలైలో కొత్త చార్జీ ప్రకటిస్తూ, ఒక్కో అడ్రస్ సంపాదించడానికయ్యే ఖర్చు ఐదేళ్లలో 300 శాతానికి పైగా పెరిగిందని చెప్పింది. 2024 ఫిబ్రవరి 1 నుంచి వాడుకలో ఉన్నా, ఖాళీగా పడి ఉన్నా ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌కీ లెక్క కడుతోంది. గూగుల్ క్లౌడ్, అజూర్, హెట్జ్నర్ లాంటివి కూడా ఐపీవీ4కి విడిగా వసూలు చేస్తాయి.

ఐపీవీ6 అడ్రస్ 128 బిట్లది. మీకు దొరికే ఒక్క /64 సబ్‌నెట్‌లోనే (నెట్‌వర్క్‌లో ఒక ముక్క; /64 అంటే మొదటి 64 బిట్లు అందులో అందరికీ ఒకటే) ఉండే అడ్రసుల సంఖ్య రాస్తే 20 అంకెలు వస్తాయి. కొరత లేదు కాబట్టి దానికి అద్దె కూడా లేదు.

ఇక్కడ ఒక విషయం మనసులో పెట్టుకోండి. చార్జీ పడేది పబ్లిక్ ఐపీవీ4 మీద మాత్రమే. సర్వర్‌కి లోపల ఉండే ప్రైవేట్ ఐపీవీ4 అడ్రస్ ఉచితం. అందుకని నేను ఐపీవీ4ని పూర్తిగా పీకేయమని చెప్పను. ప్రైవేట్ ఐపీవీ4 అలాగే ఉంచి, పబ్లిక్‌ది మాత్రమే తీసేయడం మన పని. డేటాబేస్‌తో మాటలు, మెటాడేటా సర్వీస్, లోపలి డీఎన్ఎస్ (పేర్లని అడ్రసులుగా మార్చేది), అన్నీ పాత పద్ధతిలోనే నడుస్తాయి. కేవలం ఐపీవీ6 ఉన్న సబ్‌నెట్‌లో కొత్త సర్వర్ పెట్టడం కూడా వీలే కానీ, నడుస్తున్న సర్వర్‌ని మార్చేవాళ్లకి ఈ మధ్యేమార్గంలో టెన్షన్ తక్కువ.

## మెట్టు 1: ఎన్ని అడ్రసులకి కడుతున్నారో లెక్క తీయండి

బిల్లింగ్‌లో కాస్ట్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి వాడుక రకం ప్రకారం విడగొట్టి చూడండి. పబ్లిక్ ఐపీవీ4 కింద రెండు రకాలుంటాయి: వాడుకలో ఉన్నవి, ఖాళీగా ఉన్నవి. ఏ అడ్రస్ ఎవరి దగ్గరుందో చూడాలంటే వీపీసీ (క్లౌడ్‌లో మీ సొంత ప్రైవేట్ నెట్‌వర్క్) ఐపీ అడ్రస్ మేనేజర్‌లో పబ్లిక్ ఐపీ ఇన్‌సైట్స్ అనే పేజీ ఉంది, అది ఉచితం.

చాలామంది సర్వర్‌కి ఉన్న అడ్రస్ ఒక్కటే లెక్కేసుకుంటారు. సందర్శకులని సర్వర్ల మధ్య పంచే లోడ్ బ్యాలెన్సర్ ఎన్ని జోన్లలో ఉంటే అన్ని అడ్రసులు పట్టుకుని కూర్చుంటుంది. "పబ్లిక్‌గా అందుబాటు" అని టిక్ పెట్టిన ఆర్‌డీఎస్ డేటాబేస్‌కి ఒకటి, ప్రైవేట్ సర్వర్లని బయటికి పంపే నాట్ గేట్‌వేకి ఒకటి ఉంటాయి. ఎప్పుడో తీసుకుని దేనికీ తగిలించకుండా వదిలేసిన ఎలాస్టిక్ ఐపీలు (మారకుండా మీ ఖాతాలోనే ఉండే పబ్లిక్ ఐపీవీ4లు) ఉంటే వాటిని ఈ పూటే రిలీజ్ చేసేయండి. వాటి కోసం ఏ మైగ్రేషనూ అక్కర్లేదు. డేటాబేస్ పబ్లిక్ టిక్ కూడా దాదాపు ఎప్పుడూ అనవసరమే. తీసేస్తే డబ్బూ మిగులుతుంది, భద్రతా పెరుగుతుంది.

## మెట్టు 2: సర్వర్ బయటికి ఎవరితో మాట్లాడుతుందో రాసుకోండి

మైగ్రేషన్ జయించేదైనా చెడేదైనా ఇక్కడే. సర్వర్‌కి రెండు దిక్కుల రాకపోకలుంటాయి. సందర్శకులు లోపలికి రావడం ఒకటి, సర్వర్ తనంతట తాను బయటికి వెళ్లడం రెండోది. మొదటిదాని గురించి అందరూ ఆలోచిస్తారు, దానికి తేలికైన పరిష్కారం కూడా ఉంది. రెండోది కంటికి కనబడదు. పబ్లిక్ ఐపీవీ4 తీసేసిన మరుక్షణం, ఐపీవీ4 మాత్రమే తెలిసిన ఏ బయటి సేవతోనూ మీ సర్వర్ మాట్లాడలేదు.

కాగితం తీసుకుని జాబితా రాయండి. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు ఏ మిర్రర్ నుంచి వస్తున్నాయి? కోడ్ ఎక్కడి నుంచి లాగుతున్నారు? కంటైనర్ ఇమేజ్‌లు ఏ రిజిస్ట్రీలో ఉన్నాయి? మెయిల్ ఎవరి ద్వారా పోతోంది? ఎస్ఎంఎస్, పేమెంట్, మ్యాప్స్, ఎర్రర్ ట్రాకింగ్, బ్యాకప్... నడుస్తున్న కనెక్షన్లు చూడటానికి ఎస్ఎస్ కమాండ్‌కి -4 తగిలిస్తే ఐపీవీ4వి మాత్రమే వస్తాయి. వారానికోసారి నడిచే క్రాన్ పనులు (వేళకి వాటంతట అవే నడిచేవి) ఆ క్షణాన కనబడవు కాబట్టి క్రాన్ ఫైళ్లు విడిగా తెరిచి చూడండి.

తర్వాత ఒక్కో డొమైన్‌కీ ఏఏఏఏ రికార్డ్ ఉందో లేదో డిగ్ కమాండ్‌తో అడగండి. క్వాడ్ ఏ అని పిలిచే ఈ రికార్డే ఐపీవీ6 అడ్రస్‌ని చెబుతుంది. రికార్డ్ ఉన్నంత మాత్రాన సేవ పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు కాబట్టి, సర్వర్‌కి ఐపీవీ6 వచ్చాక కర్ల్‌కి -6 పెట్టి నిజంగా కనెక్ట్ అవుతోందో చూడాలి.

పైతాన్ ప్యాకేజీల పైపీఐ, నోడ్ ప్యాకేజీల ఎన్‌పీఎం రిజిస్ట్రీ, సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్, ఇవన్నీ ఐపీవీ6లో అందుతాయి. గిట్‌హబ్ మాత్రం ఏళ్ల తరబడి ఐపీవీ4 మీదే ఉంది. సర్వర్ మీద గిట్ పుల్ కొట్టి డిప్లాయ్ చేసేవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే.

జాబితాలో ఐపీవీ4 మాత్రమే ఉన్నవి మిగిలితే దారులు ఇవీ. కోడ్ విషయంలో దిశ తిప్పేయండి: సర్వర్ వెళ్లి లాక్కోవడం మానేసి, బిల్డ్ ఇంకెక్కడో చేసి ఫలితాన్ని సర్వర్‌కి పంపండి. ఆర్‌సింక్‌తో పంపినా సరే, అమెజాన్ ఫైళ్ల నిల్వ సేవ ఎస్3లో పెట్టి అక్కడి నుంచి తీసుకున్నా సరే. ఎస్3కి వీపీసీ గేట్‌వే ఎండ్‌పాయింట్ పెట్టుకుంటే ప్రైవేట్ ఐపీవీ4తోనే పనైపోతుంది, దానికి చార్జీ లేదు. అమెజాన్ సేవలు చాలావాటికి డ్యూయల్ స్టాక్ (ఐపీవీ4, ఐపీవీ6 రెండింటిలోనూ అందే) ఎండ్‌పాయింట్లున్నాయి, కానీ అవి వాడమని ఎస్‌డీకే సెట్టింగుల్లో మీరే చెప్పాలి. పది సర్వర్లుంటే ఒక చిన్న మెషీన్‌కి మాత్రం పబ్లిక్ ఐపీవీ4 ఉంచి, దాని మీద ప్రాక్సీ నడిపి మిగతా తొమ్మిదింటినీ దాని ద్వారా పంపొచ్చు. ఒక్క అడ్రస్ అద్దెతో అందరి పనీ జరుగుతుంది. ఒకే ఒక్క ఏపీఐ మిగిలితే, వీపీసీకి తగిలించని ఒక లాంబ్డా ఫంక్షన్ (సర్వర్ లేకుండా అమెజాన్ నడిపే చిన్న కోడ్) ద్వారా దాన్ని పిలిపించుకోవచ్చు.

నాట్ గేట్‌వే జోలికి మాత్రం దీని కోసం వెళ్లకండి. నాట్64 అనే సౌకర్యం అందులో ఉంది, ఐపీవీ6 సర్వర్‌ని ఐపీవీ4 ప్రపంచంతో కలుపుతుంది, సాంకేతికంగా చక్కటి పరిష్కారమే. కానీ ఉత్తర వర్జీనియా ధర ప్రకారం దాని అద్దె గంటకి 0.045 డాలర్లు, నెలకి 32.85. పైగా డేటాకి విడిగా, దానికుండే పబ్లిక్ ఐపీవీ4కి విడిగా. 3.65 మిగుల్చుకోవడానికి 32.85 ఖర్చు పెట్టినట్టవుతుంది. స్వచ్ఛందంగా కొందరు నడిపే ఉచిత నాట్64 సర్వర్లు కూడా ఉన్నాయి. ప్రయోగాలకి బాగుంటాయి, కానీ కస్టమర్ల డేటా పోయే దారి ముక్కూమొహం తెలియని చేతుల్లో పెట్టకూడదని నా అభిప్రాయం.

ఇంకో చిక్కు: మీ సర్వర్ ఐపీవీ4 అడ్రస్‌ని అవతలివాళ్లు తమ అనుమతి జాబితాలో పెట్టుకుని ఉండొచ్చు. పేమెంట్ సేవల్లో, బ్యాంకు ఏపీఐల్లో ఇది మామూలే. వాళ్లు ఐపీవీ6 అడ్రస్ తీసుకుంటారో లేదో ముందే అడగండి. వాళ్లు తీసుకోం అంటే, ఆ ఒక్క సర్వర్‌కి నెలకి 3.65 కట్టడమే తెలివైన పని. ఏదో ఒక అడ్డదారి పట్టి డబ్బుల లావాదేవీలతో ఆటలాడొద్దు.

## మెట్టు 3: నెట్‌వర్క్‌కి ఐపీవీ6 ఇవ్వండి

ఇది పది నిమిషాల పని. వీపీసీ పేజీలో ఎడిట్ సీఐడీఆర్స్‌కి వెళ్లి అమెజాన్ ఇచ్చే ఐపీవీ6 బ్లాక్ తగిలించండి. /56 వస్తుంది, దాన్ని 256 సబ్‌నెట్లకి /64 చొప్పున పంచొచ్చు. సర్వర్ ఉన్న సబ్‌నెట్‌కి ఒక /64 ఇవ్వండి. తర్వాత ఆ సబ్‌నెట్ రూట్ టేబుల్‌లో ::/0 (ఐపీవీ6 అడ్రసులన్నీ అని అర్థం) అనే గమ్యానికి ఇంటర్నెట్ గేట్‌వేని చూపించండి. ఈ రూట్ మర్చిపోతే అడ్రస్ వస్తుంది కానీ ఒక్క ప్యాకెట్ కూడా కదలదు. బయటివాళ్లు లోపలికి రాకుండా సర్వర్ మాత్రమే బయటికి పోవాలంటే ఇంటర్నెట్ గేట్‌వే బదులు ఎగ్రెస్ ఓన్లీ గేట్‌వే చూపించొచ్చు, అదీ ఉచితమే.

వీటిలో ఏదీ నడుస్తున్న ఐపీవీ4 రాకపోకల్ని తాకదు. సర్వర్ ఆపక్కర్లేదు.

## మెట్టు 4: ఫైర్‌వాల్ రూల్స్ రెండో సెట్

సర్వర్ చుట్టూ ఉండే ఫైర్‌వాల్ అయిన సెక్యూరిటీ గ్రూప్‌లో 0.0.0.0/0 (ఐపీవీ4 అడ్రసులన్నీ) అని రాసినది ఐపీవీ6కి వర్తించదు. 80, 443 పోర్టులకి ::/0 నుంచి అనుమతి విడిగా రాయాలి. అవుట్‌బౌండ్‌లో కూడా ::/0 ఉందో లేదో చూడండి. సబ్‌నెట్ స్థాయి ఫైర్‌వాల్ అయిన నెట్‌వర్క్ ఏసీఎల్ ఎవరైనా చేతితో మార్చి ఉంటే అందులోనూ చూడండి.

ఎస్ఎస్‌హెచ్ లాగిన్ జరిగే 22వ పోర్టుని ::/0కి తెరవొద్దు. ఐపీవీ6 అడ్రసులు అన్ని కోట్లు ఉన్నాయి కదా, నా సర్వర్‌ని ఎవరు కనిపెడతారులే అనుకోవడం పొరపాటు. డీఎన్ఎస్‌లో పేరు పెట్టగానే, సర్టిఫికెట్ తీసుకోగానే మీ ఉనికి బయటపడినట్టే.

పింగ్, నెట్‌వర్క్ లోపాల సందేశాలు నడిచే ఐసీఎంపీవీ6ని మాత్రం అడ్డుకోకండి. ఐపీవీ4 కాలంలో పింగ్ ఆపేస్తే భద్రత అనే అలవాటు చాలామందికి ఉంది. ఐపీవీ6లో దారిలోని రౌటర్లు పెద్ద ప్యాకెట్‌ని ముక్కలు చెయ్యవు. "ప్యాకెట్ మరీ పెద్దది" అని పంపినవాడికే తిరిగి చెబుతాయి, అది చెప్పేది ఐసీఎంపీవీ6 ద్వారానే. దాన్ని మూసేస్తే విచిత్రమైన లక్షణం కనిపిస్తుంది: చిన్న పేజీలు వస్తాయి, పెద్ద ఫైళ్లు మొదలై మధ్యలో ఆగిపోతాయి, లాగిన్ అవుతుంది కానీ జాబితా తెరుచుకోదు. అదీ కొందరికే, కొన్ని నెట్‌వర్కుల నుంచే. ఎన్ని గంటలు లాగ్‌లు చూసినా కారణం దొరకదు.

## మెట్టు 5: సర్వర్‌కి అడ్రస్, ఆపరేటింగ్ సిస్టమ్‌లో సెట్టింగ్

ఇన్‌స్టెన్స్‌ని ఎంచుకుని యాక్షన్స్, నెట్‌వర్కింగ్, మేనేజ్ ఐపీ అడ్రసెస్‌లో ఐపీవీ6 అడ్రస్ అసైన్ చేయండి. ఈ అడ్రస్ సర్వర్ ఆపి మళ్లీ మొదలుపెట్టినా మారదు. టెర్మినేట్ చేస్తేనే పోతుంది. అంటే ఎలాస్టిక్ ఐపీ చేసే పని ఇక్కడ ఊరికే జరిగిపోతుంది.

అమెజాన్ లినక్స్ అయితే అడ్రస్ తనే తీసుకుంటుంది. ఉబుంటులో నెట్‌ప్లాన్ ఫైల్ చూడండి. సర్వర్ మొదటిసారి బూట్ అయినప్పుడు ఐపీవీ6 లేకపోతే డీహెచ్‌సీపీ6 ట్రూ అన్న లైను ఉండకపోవచ్చు. అది చేర్చి అప్లై చేయండి. అడ్రస్ కనిపించాక పింగ్‌కి -6 పెట్టి బయటి సైట్ ఒకటి ప్రయత్నించండి.

ఇక్కడ నాకు జరిగినది చెప్పాలి. ఒక సర్వర్ మీద ఐపీటేబుల్స్ రూల్స్ నేనే చేతితో రాసుకున్నాను. ఐపీవీ6 ఇవ్వగానే పింగ్ వెళ్లింది, సైట్ తెరుచుకుంది. పని అయిపోయిందనుకుని రూల్స్ సేవ్ చేసి టీ తాగడానికి లేచాను. వచ్చేసరికి ఐపీవీ6 మీద సర్వర్ లేదు. రీస్టార్ట్ చేస్తే వచ్చింది, కొద్ది నిమిషాలకి మళ్లీ పోయింది. ఐపీ అడ్రస్ కమాండ్ కొట్టి ఆ లైను మీదే చూపు నిలిపి మళ్లీమళ్లీ నడిపితే విషయం అర్థమైంది: అడ్రస్ పక్కన ఉండే గడువు సెకన్లు తగ్గుతూ తగ్గుతూ సున్నాకి వస్తున్నాయి, తిరిగి పెరగడం లేదు. క్లౌడ్ ఈ అడ్రస్‌ని డీహెచ్‌సీపీ ద్వారా కొద్ది నిమిషాల గడువుతో ఇస్తుంది, సర్వర్ ఎప్పటికప్పుడు పొడిగించుకోవాలి. ఆ జవాబు వచ్చేది యూడీపీ 546 పోర్టుకి. నా ఐపీవీ6 రూల్స్‌లో దానికి అనుమతి లేదు. ఒక్క రూల్ చేర్చగానే సర్దుకుంది. సర్వర్ లోపల సొంత ఫైర్‌వాల్ ఉన్నవాళ్లు కనీసం పావుగంట ఆగి, అడ్రస్ గడువు మళ్లీ పెరుగుతోందని కళ్లారా చూసుకున్నాకే ముందుకెళ్లండి.

## మెట్టు 6: సర్వీసులు ఐపీవీ6లో వింటున్నాయా

వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్‌లో లిజెన్ 80 అని మాత్రమే ఉంటే అది ఐపీవీ4లోనే వింటుంది. పక్కనే [::]:80 తో ఇంకో లిజెన్ లైను, 443కి కూడా అలాంటిదే, ప్రతి సైట్ బ్లాక్‌లోనూ చేర్చాలి. ఒక బ్లాక్‌లో మర్చిపోతే ఐపీవీ6లో వచ్చినవాళ్లకి ఆ సైట్ బదులు పక్క సైట్ తెరుచుకుంటుంది. అపాచీలో పోర్టు నంబరొక్కటే రాసి ఉంటే మామూలుగా రెండింటిలోనూ వింటుంది.

అప్లికేషన్లని కంటైనర్లలో నడిపే డాకర్ వాడేవాళ్లు కొంచెం ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. డాకర్ బ్రిడ్జ్ నెట్‌వర్క్‌లో ఐపీవీ6 మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. హోస్ట్ నుంచి కర్ల్ చక్కగా పనిచేస్తుంది, కంటైనర్ లోపలి నుంచి మాత్రం ఏదీ అందదు, ఎందుకంటే కంటైనర్‌కి ఉన్నది ప్రైవేట్ ఐపీవీ4 ఒక్కటే, దానికి బయటికి దారి లేదు. డెమన్ సెట్టింగుల ఫైల్‌లో ఐపీవీ6 ట్రూ చేయడంతో పాటు కంపోజ్ ఫైల్‌లో మీరు పెట్టుకున్న నెట్‌వర్క్‌కి కూడా ఐపీవీ6 ఎనేబుల్ చేయాలి. ఇది చేయకపోతే లోపలికి వచ్చేవాళ్ల విషయంలోనూ నష్టమే: సైట్ తెరుచుకుంటుంది కానీ లాగ్‌లో సందర్శకులందరి అడ్రసూ డాకర్ గేట్‌వేదిగానే కనిపిస్తుంది.

లోకల్‌హోస్ట్ (సర్వర్ తనని తాను పిలుచుకునే పేరు) ముందుగా ఐపీవీ6 రూపమైన ::1కి వెళ్లడం ఇంకో మామూలు తలనొప్పి. డేటాబేస్ 127.0.0.1లో మాత్రమే వింటుంటే కనెక్షన్ రెఫ్యూజ్డ్ అని వస్తుంది. కాన్ఫిగ్‌లో పేరు బదులు 127.0.0.1 అని నేరుగా రాసేయండి.

## మెట్టు 7: అప్లికేషన్ కోడ్, డేటాబేస్

సందర్శకుల ఐపీ దాచే కాలమ్‌కి 15 అక్షరాలే కేటాయించారేమో చూడండి. ఐపీవీ4కి అది సరిపోయేది. ఐపీవీ6 పూర్తిగా రాస్తే 39 అక్షరాలు, ఐపీవీ4ని లోపల పెట్టుకున్న రూపం అయితే 45 దాకా పోతుంది. 45కి పెంచండి, లేదా డేటాబేస్‌లో ఐపీ కోసమే ఉన్న టైప్ వాడండి. లాగిన్ పేజీ ఒక్కటే పనిచేయడం లేదని ఫిర్యాదు వస్తే ముందు ఈ కాలమ్‌నే చూడండి, ఎందుకంటే ఐపీని రాసి పెట్టేది సాధారణంగా అక్కడే.

రేట్ లిమిట్ (ఒకరు ఎన్నిసార్లు రావచ్చో పెట్టే హద్దు) కూడా మార్చాలి. ఐపీవీ6లో ఒక ఇంటి కనెక్షన్‌కే మొత్తం /64 ఉంటుంది. ఒక్కో అడ్రస్‌నీ విడిగా లెక్కపెడితే, దాడి చేసేవాడు ప్రతిసారీ కొత్త అడ్రస్‌తో వస్తాడు. మొదటి 64 బిట్లు తీసుకుని లెక్కపెట్టండి. తప్పుడు లాగిన్ ప్రయత్నాలని అడ్డుకునే ఫెయిల్2బ్యాన్ వాడుతుంటే 0.10 లేదా ఆ పై వెర్షన్ ఉండాలి, అంతకు ముందువాటికి ఐపీవీ6 తెలియదు.

## మెట్టు 8: ఐపీవీ4 సందర్శకుల కోసం ముంగిలి

ఐపీవీ6 లేని నెట్‌వర్కులు ఇంకా చాలా ఉన్నాయి. వాళ్లని వదులుకోలేం. దీనికి తేలికైన దారి, ముందు ఒక సీడీఎన్ (సందర్శకులకీ సర్వర్‌కీ మధ్య నిలబడే సేవ) పెట్టడం. క్లౌడ్‌ఫ్లేర్ ఉచిత ప్లాన్‌లోనే ఇది కుదురుతుంది: డీఎన్ఎస్‌లో మీ సర్వర్ ఐపీవీ6తో ఏఏఏఏ రికార్డ్ ఒక్కటే పెట్టి ప్రాక్సీ ఆన్ చేయండి. బయటి ప్రపంచానికి క్లౌడ్‌ఫ్లేర్ తన ఐపీవీ4, ఐపీవీ6 అడ్రసులు రెండూ చూపిస్తుంది, మీ సర్వర్ దగ్గరికి మాత్రం ఐపీవీ6లో వస్తుంది. టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్) మోడ్ ఫుల్ స్ట్రిక్ట్‌లో ఉంచండి. సెక్యూరిటీ గ్రూప్‌లో 443ని ::/0కి బదులు క్లౌడ్‌ఫ్లేర్ ప్రచురించిన ఐపీవీ6 రేంజ్‌లకే పరిమితం చేస్తే ఇంకా మంచిది. సందర్శకుల అసలు అడ్రస్ హెడర్‌లో వస్తుంది కాబట్టి ఎన్‌జిన్‌ఎక్స్‌లో రియల్ ఐపీ సెట్టింగ్ కూడా మార్చుకోండి.

పోర్టు తెరవకుండా క్లౌడ్‌ఫ్లేర్ టనెల్ వాడాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: టనెల్ నడిపే క్లౌడ్‌ఫ్లేర్‌డీ ప్రోగ్రామ్ మామూలుగా ఐపీవీ4లోనే బయటికి కనెక్ట్ అవుతుంది. ఎడ్జ్ ఐపీ వెర్షన్ అనే ఆప్షన్‌ని 6కి మార్చకపోతే, పబ్లిక్ ఐపీవీ4 తీసిన వెంటనే టనెల్ పడిపోతుంది.

మార్పుకి ఒక రోజు ముందే డీఎన్ఎస్ రికార్డుల టీటీఎల్ (పాత రికార్డ్‌ని అవతలివాళ్లు ఎంతసేపు గుర్తుంచుకోవచ్చో చెప్పే గడువు) 300 సెకన్లకి తగ్గించండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ రెన్యూవల్‌ని కూడా డ్రై రన్‌తో ఒకసారి నడపండి. ఏఏఏఏ ఉంటే అది ముందు ఐపీవీ6లోనే తలుపు తడుతుంది.

మెయిల్ సంగతి విడిగా చెప్పాలి. ఈ ముంగిలి వెబ్ రాకపోకలకే. సర్వర్ నుంచి నేరుగా మెయిల్ పంపుతుంటే, ఐపీవీ6లో రివర్స్ డీఎన్ఎస్ (అడ్రస్ నుంచి పేరు చెప్పే రికార్డ్) లేని అడ్రస్ నుంచి వచ్చే మెయిల్‌ని జీమెయిల్ లాంటివి తిప్పికొడతాయి. మెయిల్ పంపే సేవ ఒకదాన్ని, ఐపీవీ6లో అందేదాన్ని, వాడుకోవడం మేలు.

## మెట్టు 9: మీరు లోపలికి వెళ్లే దారి

మీ ఇంటి, ఆఫీసు కనెక్షన్‌లో ఐపీవీ6 ఉంటే ఎస్ఎస్‌హెచ్ నేరుగా పనిచేస్తుంది. లేకపోతే ఈసీ2 ఇన్‌స్టెన్స్ కనెక్ట్ ఎండ్‌పాయింట్ పెట్టుకోండి. ఎండ్‌పాయింట్‌కి విడిగా చార్జీ లేదు, సర్వర్ ప్రైవేట్ ఐపీవీ4 మీదుగా వెళ్తుంది, ఒక్కో కనెక్షన్ గరిష్ఠంగా గంట సేపు ఉంటుంది. రెండు దారులు సిద్ధం చేసుకుని, రెండింటితోనూ ఒకసారి లోపలికి వెళ్లి చూశాకే తర్వాతి మెట్టు ఎక్కండి. సర్వర్ నిట్రో (అమెజాన్ కొత్త తరం మెషీన్లు) రకం అయితే సీరియల్ కన్సోల్‌ని కూడా ముందే ఎనేబుల్ చేసి, పాస్‌వర్డ్ ఉన్న యూజర్ ఒకరిని పెట్టుకోండి.

## మెట్టు 10: అడ్రస్ తీయకముందే తీసినట్టు నడిపి చూడండి

ఈ వ్యాసంలో ఒక్క మెట్టే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి. పబ్లిక్ ఐపీవీ4 ఒకసారి రిలీజ్ చేస్తే అదే అడ్రస్ తిరిగి వస్తుందన్న నమ్మకం లేదు. కాబట్టి రిహార్సల్ కావాలి.

సెక్యూరిటీ గ్రూప్ అవుట్‌బౌండ్‌లో 0.0.0.0/0 రూల్ తీసేయండి. దాని స్థానంలో మీ వీపీసీ ప్రైవేట్ రేంజ్‌కి ఒక రూల్ పెట్టండి, డేటాబేస్ కోసం. ఎస్3 గేట్‌వే ఎండ్‌పాయింట్ వాడుతుంటే ఎస్3 ప్రిఫిక్స్ లిస్ట్‌కి ఇంకొకటి. ::/0 అలాగే ఉంచండి. సెక్యూరిటీ గ్రూప్ స్టేట్‌ఫుల్ (లోపలికి వచ్చిన కనెక్షన్‌ని గుర్తుపెట్టుకునేది) కాబట్టి లోపలికి వచ్చే ఐపీవీ4 సందర్శకులకి జవాబులు మామూలుగానే వెళ్తాయి. అమెజాన్ డీఎన్ఎస్‌కి, మెటాడేటాకి, టైమ్ సర్వీస్‌కి ఈ రూల్స్ అడ్డురావు. సర్వర్ తనంతట తాను ఐపీవీ4లో బయటికి వెళ్లడం మాత్రమే ఆగుతుంది. ఏదైనా పడిపోతే రూల్ తిరిగి పెట్టడం అర నిమిషం పని.

రూల్ మార్చాక సర్వీసులన్నీ రీస్టార్ట్ చేయండి. లేకపోతే ముందే తెరిచి ఉన్న కనెక్షన్లు కొన్ని నిలబడి, అంతా బాగుందని భ్రమ పెడతాయి. ఆ తర్వాత ప్యాకేజీ అప్‌డేట్ నడపండి, డిప్లాయ్ ఒకటి చేయండి, పాస్‌వర్డ్ రీసెట్ మెయిల్ తెప్పించుకోండి, టెస్ట్ పేమెంట్ చేయండి, బ్యాకప్ స్క్రిప్ట్ చేతితో నడపండి. ఐపీవీ4కి పోబోయి ఆగినవి వీపీసీ ఫ్లో లాగ్స్‌లో రిజెక్ట్ అని కనిపిస్తాయి. అందులోని గమ్యం అడ్రస్ చూస్తే ఎవరు మిగిలారో తెలిసిపోతుంది.

ఎన్ని రోజులు? మీ క్రాన్ పనుల్లో అన్నిటికన్నా అరుదుగా నడిచేది ఒక్కసారైనా నడిచేదాకా. వారపు బ్యాకప్ ఉంటే కనీసం వారం. నెలాఖరు ఇన్వాయిస్ పని ఉంటే దాన్ని టెస్ట్ డేటాతో ముందే నడిపించేయండి. నేను ఒకసారి రెండు రోజులకే సరిపెట్టాను. ఆదివారం నడిచే ఒక రిపోర్టు ఐపీవీ4 మాత్రమే ఉన్న ఎస్ఎంఎస్ ఏపీఐని పిలుస్తుందని ఆ ఆదివారం రాత్రే తెలిసింది.

## మెట్టు 11: తీసేయడం

రిహార్సల్ నెగ్గాక డీఎన్ఎస్‌లో సర్వర్‌ని నేరుగా చూపించే పాత ఏ రికార్డులు తీసేయండి. టీటీఎల్ గడిచాక కూడా ఒక రోజు ఆగి, సర్వర్ లాగ్‌లో నేరుగా ఐపీవీ4లో ఎవరైనా వస్తున్నారేమో చూడండి. మొబైల్ యాప్‌లో, పాత స్క్రిప్టులో ఐపీ నేరుగా రాసి పెట్టినవాళ్లు అప్పుడే బయటపడతారు.

ఎలాస్టిక్ ఐపీ అయితే ముందు డిస్‌అసోసియేట్, తర్వాత రిలీజ్. డిస్‌అసోసియేట్ చేసి వదిలేస్తే చార్జీ అలాగే పడుతుంది, ఖాళీగా ఉన్నదానికీ అదే రేటు. ఆ తర్వాత ఇన్‌స్టెన్స్ పేజీ రెండు నిమిషాలాగి రిఫ్రెష్ చేయండి: మొదట్లో ఆటోమేటిక్ పబ్లిక్ ఐపీతో లాంచ్ చేసిన సర్వర్ అయితే, ఎలాస్టిక్ ఐపీ పోగానే దానికి కొత్త పబ్లిక్ ఐపీవీ4 ఒకటి వచ్చి తగులుకుంటుంది. దాన్ని మేనేజ్ ఐపీ అడ్రసెస్‌లోనే ఆఫ్ చేయొచ్చు. 2024 ఏప్రిల్ నుంచి నడుస్తున్న సర్వర్‌కి కూడా ఈ వీలుంది, కొత్త సర్వర్ లాంచ్ చేయనక్కర్లేదు. సబ్‌నెట్‌లో ఆటో అసైన్ పబ్లిక్ ఐపీవీ4 సెట్టింగ్ కూడా ఆపేయండి, లేకపోతే రేపు పెట్టే సర్వర్‌కి మళ్లీ అడ్రస్ వస్తుంది.

అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ ఉన్నవాళ్లు దాని అడ్రస్ రకాన్ని "పబ్లిక్ ఐపీవీ4 లేని డ్యూయల్ స్టాక్"కి మార్చొచ్చు. ముందు సీడీఎన్ ఉండి, అది ఐపీవీ6లో లోడ్ బ్యాలెన్సర్‌ని అందుకోగలిగితేనే ఈ పని చేయండి.

రెండు రోజుల తర్వాత కాస్ట్ ఎక్స్‌ప్లోరర్‌లో రోజువారీ లెక్క తెరవండి. పబ్లిక్ ఐపీవీ4 వాడుకలో ఉన్నది, ఖాళీగా ఉన్నది, రెండు లైన్లూ సున్నా చూపించాలి. మొదటిది తగ్గి రెండోది పెరిగితే రిలీజ్ చేయడం మర్చిపోయిన ఎలాస్టిక్ ఐపీ ఎక్కడో ఉంది. రీజియన్ మార్చి చూడండి, వేరే రీజియన్‌లో ఎప్పుడో ప్రయోగానికి పెట్టి మర్చిపోయినవి తరచూ అక్కడే దొరుకుతాయి. రెండూ సున్నాకి వచ్చాక సెక్యూరిటీ గ్రూప్‌లో 0.0.0.0/0 నుంచి లోపలికి ఉన్న పాత రూల్స్ తీసేసి, టీటీఎల్‌ని మళ్లీ మామూలు విలువకి పెంచేయండి.